చల్లటి ఇంజన్ చూపించమనండి

ఈ మధ్య పాత డీజిల్ బండి కొనబోయే కుర్రాళ్లు మా షెడ్డుకొచ్చి ముందు ఫోను తీస్తున్నారు. అందులో ఒక రిపోర్టు. వందకు పైగా అంశాలు, ప్రతిదాని పక్కనా పచ్చ టిక్కు. టైర్ల అరుగుదల, అద్దాలు, ఏసీ, సీటు కవర్లు, స్పీకర్లు అన్నీ వివరంగా ఉంటాయి. ఇంజన్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఒకటే ముక్క: బాగుంది, ఫాల్ట్ కోడ్లు లేవు. "స్కానింగ్ కూడా చేశారు బాబాయ్ గారూ, ఇంకేం భయం లేదు" అంటారు. నాకు కడుపు మండేది అక్కడే. రింగులకు సెన్సర్ లేదు నాయనా. బిగెండ్ బేరింగుకు సెన్సర్ లేదు. లైనర్ ఎంత అరిగిందో చెప్పే వైరు ఆ బండిలో ఎక్కడా లేదు. సెన్సరే లేని చోట కోడ్ ఎక్కణ్ణుంచి వస్తుంది? బండిలో అన్నిటికన్నా ఖరీదైన భాగాన్ని ఎవరూ చూడకుండానే లక్షలు చేతులు మారుతున్నాయి.

మా రోజుల్లో పాత లారీ బేరమంటే ఒక పూటంతా ఇంజన్ దగ్గరే గడిచేది. బెజవాడ ఆటోనగర్‌లో టాటా 1210లూ, లేలాండ్ కామెట్లూ చేతులు మారుతున్న కాలం. కొనే ఆసామి ముందురోజే కబురు పెట్టేవాడు: "పొద్దున్నే మేస్త్రిని తీసుకొస్తా, మేం వచ్చేదాకా సెల్ఫ్ కొట్టొద్దు" అని. మేస్త్రి వెళ్లగానే బానెట్ ఎత్తి ముందు బ్లాకు మీద అరచెయ్యి పెట్టేవాడు. గోరువెచ్చగా తగిలిందా, "రేపొస్తామండీ" అని వెనక్కి తిరగడమే. అమ్మేవాడు ఎంత పెద్దమనిషైనా సరే, మొహమాటం లేదు. ఇప్పుడో, షోరూము ముందు బండి అప్పటికే కడిగించి, నాలుగు చక్కర్లు తిప్పి, వేడిగా నిలబెట్టి ఉంటారు. కొనేవాడు తాళం తిప్పగానే స్టార్టవుతుంది. మురిసిపోతాడు.

చల్లటి ఇంజన్ ఎందుకు కావాలో చెప్తాను, ఎందుకంటే ఈ కుర్రాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. డీజిల్ ఇంజన్లో పెట్రోలు బండికి మల్లే ప్లగ్గు నిప్పు వెయ్యదు. పిస్టన్ గాలిని పదహారో వంతుకో, ఇరవయ్యో వంతుకో నొక్కేస్తుంది. ఆ నొక్కుడికి పుట్టిన వేడికే డీజిల్ అంటుకుంటుంది. రింగులు అరిగినా, వాల్వు సరిగ్గా కూర్చోకపోయినా గాలి పక్కల నుంచి జారిపోతుంది. వేడి చాలదు. డీజిల్ సగం కాలీ కాలకా తెల్లపొగై, కళ్లు మండించే పచ్చి వాసనతో సైలెన్సర్లోంచి బయటికొస్తుంది. ఇంజన్ వేడెక్కాక సందులు తగ్గుతాయి, గోడల వేడి కూడా తోడవుతుంది, అదే ఇంజన్ బుద్ధిగా నడుస్తుంది. రాత్రంతా నిలబెట్టిన బండిని తెల్లవారుజామున స్టార్ట్ చేసినప్పటి మొదటి రెండు నిమిషాల్లోనే ఈ లోపం బయటపడుతుంది. ఆ రెండు నిమిషాలూ అమ్మేవాడికి వదిలేసి, ఆ తర్వాత గంటసేపు టెస్ట్ డ్రైవులు చేస్తున్నారు.

స్టార్ట్ చెయ్యకముందే మాకు ఇంకో పరీక్ష ఉండేది. అప్పటి బళ్లకు ఇంజన్ ఆపడానికి స్టాపర్ ఉండేది. హెల్పర్ కుర్రాడు స్టాపర్ లాగి పట్టుకుంటే పంపు డీజిల్ పొయ్యదు. అప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజన్ ఊరికే తిరుగుతుంది. ఒక్కో సిలిండర్ కంప్రెషన్‌కి వచ్చినప్పుడల్లా సెల్ఫ్ మోటారు కాస్త బరువెక్కి మూలుగుతుంది. ఆ మూలుగులు సమానంగా పడుతుంటే సరే. మధ్యలో ఒకచోట మోటారు తేలికై ముందుకు ఉరికిందంటే ఆ సిలిండర్ పోయినట్టే. మేస్త్రి కళ్లు మూసుకుని వినేవాడు, పక్కన ఎవరైనా మాట్లాడితే తిట్టేవాడు. డెల్టా పొలాల్లో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్లు తిప్పిన రైతులకైతే ఈ సంగతి చేతికే తెలుసు. డీకంప్రెషన్ లీవర్ వదిలి హ్యాండిల్ తిప్పితే మంచి ఇంజన్ చేతిని ఆపి వెనక్కి నెట్టాలి. మెత్తగా దాటిపోయిందంటే రింగులకు డబ్బు చూసుకోవాల్సిందే.

పొగ సంగతి అందరికీ తెలుసనుకుంటారు, తెలిసింది సగమే. నల్లపొగ చూసి బెదిరిపోతారు. అది చాలాసార్లు ఇంజన్ లోపలి జబ్బు కాదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, నాజిల్ కారడం, పంపు ఎక్కువ పొయ్యడం, టర్బో నుంచి వచ్చే గొట్టం చిరగడం, ఇలా పైపనితో తీరేవే ఎక్కువ. పొల్యూషన్ సర్టిఫికెట్‌కి కొలిచేది కూడా ఈ నలుపునే, కాబట్టి ఆ కాగితం చూపించి ఇంజన్ మంచిదనడం కుదరదు. భయపడాల్సింది నీలం పొగకు. నీలమంటే ఇంజనాయిల్ కాలుతోంది. అందులోనూ ఎప్పుడొచ్చిందన్నది చూడాలి. కాసేపు ఐడిల్‌లో వదిలి ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వు గైడ్లో, సీళ్లో అయ్యుంటాయి. బరువు మీద, ఎత్తెక్కేటప్పుడు ఆగకుండా వస్తుంటే బోరు, రింగులు. టర్బో షాఫ్టు వదులైనా నీలమే వస్తుంది, అందుకని టర్బో గొట్టం విప్పి లోపల ఆయిల్ ఎంత పేరుకుందో కూడా చూడాలి. వాల్వుల జబ్బు హెడ్ దింపితే తీరేది, రింగులది ఇంజన్ మొత్తం దింపితే గాని తీరనిది. ఖర్చులో అంత తేడా ఉన్న రెండు జబ్బులనూ ఇప్పుడు "కొంచెం పొగుంది సార్" అన్న ఒక్క మాటలో కట్టేస్తున్నారు.

అన్నిటికన్నా చవకైన పరీక్ష బ్యాక్ కంప్రెషన్. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, బోర్లించి ఆ కంత మీద ఊరికే పెట్టండి. డీజిల్ ఇంజన్‌కి కొద్దిగా ఊపిరి ఉంటుంది, మూత కాస్త కదిలితే ఫర్వాలేదు. ఎగిరి పక్కన పడిందంటే, పొగ గుప్పుగుప్పున తంతోందంటే, పిస్టన్ పైన పేలాల్సిన గ్యాసు రింగులు దాటి కింద చాంబర్లోకి దిగుతోందని అర్థం. దీనికి రూపాయి ఖర్చు లేదు. స్కానర్ అక్కర్లేదు. అయినా పాత బండి కొనేవాళ్లలో నూటికి ఎంతమంది ఆ మూత ముట్టుకుంటున్నారో ఆటోనగర్‌లో ఏ షెడ్డులోనైనా అడగండి.

ఇక ఆయిల్. డిప్ స్టిక్ లాగి, నల్లగా ఉందని మొహం చిట్లించే వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. డీజిల్ ఇంజన్లో ఆయిల్ మార్చిన కొద్దిరోజులకే మసి పట్టి నల్లబడుతుంది, అది దాని పని. లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో ఆయిల్ తేనె రంగులో మెరుస్తోందంటేనే అనుమానించాలి. బేరం కోసం నిన్న పోసినది. అందులోనూ అరిగిన బేరింగుల చప్పుడు అణచడానికి చిక్కటి గ్రేడు ఆయిల్ పోసి, ఏదో డబ్బా మందు కలిపి అమ్మేవాళ్లున్నారు. నెల తిరక్కుండా చప్పుడు మళ్లీ లేస్తుంది. మేం పాత ఆయిల్ ఉంచమనేవాళ్లం. అద్దుడు కాగితం మీద ఒక చుక్క వేసి ఆరనిచ్చేవాళ్లం. నడుమ నల్ల మచ్చ నిలబడి, దాని చుట్టూ పల్చటి తడి వలయం దూరం దూరంగా పాకితే ఆయిల్లో డీజిల్ కలుస్తోందని గుర్తు. ఈ పరీక్ష ఇవాళ్టి బీఎస్-6 బళ్లకు ఇంకా ఎక్కువ అవసరం. పొగ ఫిల్టర్లో పట్టిన మసిని కాల్చుకోవడానికి అవి అదనంగా డీజిల్ చిమ్ముతాయి. సిటీలో చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో ఆ డీజిల్ కొంత గోడల వెంట కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. డిప్ స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గకుండా పెరుగుతోందంటే సంతోషించకండి. పల్చబడ్డ ఆయిల్ బేరింగుల్ని కాపాడలేదు.

ఆయిల్ రంగు పాలెక్కువైన టీలా మారిందంటే నీళ్లు కలిశాయన్నమాట. హెడ్ గాస్కెట్ కావచ్చు, ఆయిల్ కూలర్ కావచ్చు. తడి లైనర్లున్న లారీ, ట్రాక్టర్ ఇంజన్లలో ఇంకో దారి ఉంది: లైనర్ బయటి గోడకు సూదిమొన రంధ్రాలు పడటం. పిస్టన్ తట్టిన ప్రతిసారీ లైనర్ కంపించి నీళ్లలో సన్నటి బుడగలు పుట్టి పగులుతుంటాయి, ఏళ్ల తరబడి అవి ఇనుమును తొలిచేస్తాయి. కూలెంట్ పోస్తే ఇది ఆగుతుంది. మన వాళ్లు రేడియేటర్లో బోరు నీళ్లు పోస్తారు. ఈ తప్పు మా రోజుల్లోనూ జరిగేది, ఇప్పటికీ జరుగుతోంది. ఇంకో విషయం, వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ, తియ్యటి వాసన వచ్చిందంటే కూలెంట్ కాలుతోందని లెక్క. వెంటనే హెడ్ దింపేస్తున్నారు. కొత్త బళ్లలో ఈజీఆర్ కూలర్ లోపల పగిలినా అచ్చం ఇదే పొగ వస్తుంది. ముందు ఆ కూలర్ వేరుచేసి చూడకుండా హెడ్ మీద చెయ్యి వెయ్యడం పార్టీ డబ్బు పారబొయ్యడమే.

చప్పుడు గురించి చెప్పకపోతే నేను ఏమీ చెప్పనట్టే. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బ్లాకుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్లం. పైన వాల్వు కవరు దగ్గర టకటకమంటూ, క్రాంక్ రెండు చుట్లకు ఒక్కసారి పడేది టాపెట్. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి వేడెక్కేకొద్దీ తగ్గేది పిస్టన్ కొట్టుకోవడం. దాంతో కొన్నాళ్లు నడపొచ్చు. ఇంజన్ నడుములో గట్టిగా, యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడు మరీ పైకొచ్చేది బిగెండ్ బేరింగ్. అదొస్తే బండిని షెడ్డు దాటించకూడదు. ఇంకా కింద, బరువుగా, నేలలోంచి వచ్చినట్టు దుమ్ దుమ్మంటే మెయిన్ బేరింగులు. డీజిల్ ఇంజన్‌కి తనదైన చప్పుడు ఎటూ ఉంటుంది, నాజిల్ చెడినా కొడుతుంది. అది పేలుడు చప్పుడా, ఇనుప చప్పుడా అన్నది తేల్చడానికి నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసేవాళ్లం. నట్టు వదలగానే ఆ సిలిండర్ పేలడం ఆగుతుంది. దాంతోపాటు కొట్టుడు ఆగిపోయిందంటే తగాదా ఆ సిలిండర్లోనే. ఆగకపోతే ఇంకోదానికి వెళ్లాలి. ఇంజన్ వణుకులో ఏ తేడా లేదంటే ఆ సిలిండర్ ముందునుంచీ పని చెయ్యడం లేదు. టాటా 697 ఇంజన్లో ఆరు, 1986లో వచ్చిన 407లోని 497 ఇంజన్లో నాలుగు నట్లు. ఆ ఇంజన్ పేర్లలో మొదటి అంకె సిలిండర్ల లెక్క, తర్వాతి రెండూ బోరు మిల్లీమీటర్లు. చెయ్యి తిరిగిన మేస్త్రికి పావుగంట పని.

ఈ పని ఇప్పటి కామన్ రైల్ బళ్ల మీద ఎవరూ చెయ్యకండి. దయచేసి చెయ్యకండి. అప్పటి మైకో పంపులతో నాజిల్ తెరుచుకున్నది రెండొందల బార్ చుట్టుపక్కల. ఇప్పటి రైల్లో ఒత్తిడి పదహారు వందల బార్, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. నడుస్తుండగా నట్టు వదిలితే సన్నటి ధార చర్మం చీల్చుకుని లోపలికి దిగుతుంది, వేలు తీసెయ్యాల్సి రావచ్చు. పాత పద్ధతి తెలిసిన నాలాంటి వాళ్లు కుర్రాళ్లకు ఈ మాట ముందు చెప్పాలి.

అసలు కొత్త ఇంజన్ మీద నా పెద్ద ఫిర్యాదు వేరే. పాత ఇంజన్లో ఒక సిలిండర్ నీరసించిందంటే బండంతా వణికేది, గేర్ రాడ్డు ఊగేది, అద్దంలో మొహం కనబడేది కాదు. కొత్త ఇంజన్లో కంప్యూటర్ క్రాంక్ వేగాన్ని గమనిస్తూ, నీరసపడ్డ సిలిండర్‌కు ఐడిల్‌లో కాస్త ఎక్కువ డీజిల్ పోసి, బలంగా ఉన్నవాటికి తగ్గించి, అన్నిటినీ సమానంగా తిప్పేస్తుంది. బండి నునుపుగా నిలబడుతుంది. జబ్బు ముదిరి ఆ సర్దుబాటు హద్దు దాటితే గాని కోడ్ పడదు. మొన్నామధ్య మా తోటి మేస్త్రి కొడుకు ఒక పాతకార్ల సంస్థ దగ్గర 1248 సీసీ డీజిల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాడు. పచ్చ టిక్కుల రిపోర్టుంది, కోడ్లు లేవు. మా షెడ్డులో స్కానర్ పెట్టి కోడ్ల పేజీ దాటి ఇంజెక్టర్ల సర్దుబాటు అంకెలు తీయిస్తే మూడో సిలిండర్‌ది ఒక్కటే పైకి ఎగిరి ఉంది. ఇంజెక్టర్ విప్పి పరీక్షిస్తే దానిలో లోపం లేదు. ఆ కంతలోంచి కెమెరా తీగ దించితే బోరు గోడ మీద నిలువు గీతలు పడి ఉన్నాయి. సంస్థవాడి దగ్గర ఉన్నది ఇదే స్కానర్. ఇంకో నాలుగు మీటలు నొక్కితే వాడికీ కనబడేది.

అలాగని నేను యంత్రాలకు వ్యతిరేకిని అనుకోకండి. ఆ కెమెరా తీగ మా కాలంలో ఉంటే ఎన్ని హెడ్లు అనవసరంగా దింపకుండా ఉండేవాళ్లమో. మంచి బోరులో హోనింగ్ అడ్డగీతలు ఇంకా కనిపిస్తాయి. అవి చెరిగిపోయి అద్దంలా మెరుస్తుంటే రింగు ఆయిల్ నిలపలేదు. ఇంజెక్టర్లకు సీసాలు తగిలించి ఏది ఎంత డీజిల్ వెనక్కి వదులుతోందో కొలిచే లీక్ బ్యాక్ పరీక్ష కూడా బంగారం లాంటిది. ఇంకా వెనక్కి వెళ్తే, మన కాజీపేట, గుత్తి లాంటి రైల్వే డీజిల్ షెడ్లు రెండువేల ఆరువందల గుర్రాల డబ్ల్యూడీఎం-2 ఇంజన్ల ఆయిల్ నమూనాను స్పెక్ట్రోగ్రాఫ్‌లో పెట్టి, అందులో కలిసిన లోహం చూసి లోపల ఏది అరుగుతోందో చెప్పేవి. ఇనుము పెరిగితే లైనర్లు, రాగి, సీసం పెరిగితే బేరింగులు, సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము దూరుతోందని. రైలింజన్‌కి అంత శ్రద్ధ పెట్టిన దేశంలో, మధ్యతరగతి మనిషి పదేళ్ల పొదుపు పోసి కొనే బండికి ఒక ఆయిల్ చుక్క చూసే ఓపిక లేకుండా పోయింది.

ఇప్పుడా ఓపిక ఎప్పటికన్నా ఎక్కువ కావాలి. మారుతి వాళ్లు 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 రాగానే డీజిల్ కార్లు ఆపేశారు. కాబట్టి ఆ డీజిల్ స్విఫ్టులూ, డిజైర్లూ అన్నీ ఇవాళ పాతబళ్లే. పదేళ్లు దాటిన డీజిల్ బండిని ఢిల్లీ రోడ్ల మీద తిప్పకూడదని 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేశాక, అక్కడి బళ్లు ఎన్ఓసీతో మన వైపు దిగాయి. చూడ్డానికి తళతళలాడతాయి. మీటరు ఎవరు వెనక్కి తిప్పారో, ఇంజన్ ఎన్ని గంటలు ట్రాఫిక్‌లో ఐడిల్‌లో కాలిందో బాడీ చూస్తే తెలియదు. కోడ్లు చెరిపేసి అమ్మడం అయితే ఒక్క నిమిషం పని. చెరిపేశాక బండి ఎంత దూరం తిరిగిందో చాలా బళ్లు స్కానర్‌కి చెబుతాయి. పన్నెండు కిలోమీటర్లని చూపిస్తే, ఆ పచ్చ టిక్కు వయసు పన్నెండు కిలోమీటర్లే.

ఇంకో దిగులు. డాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్ ముల్లు తీసేసి ఎర్రదీపం పెట్టారు. వేడెక్కిన ఇంజన్లో వెయ్యి ఆర్‌పీఎంకు పది పౌండ్ల చొప్పున ముల్లు నిలబడుతోందా అని డ్రైవరే చూసుకునేవాడు. ముల్లు నెలనెలా కాస్త దిగుతోందంటే బేరింగులు వదులవుతున్నాయని ముందే తెలిసేది. దీపం ప్రెషర్ దాదాపు అడుగంటితే గాని వెలగదు. అప్పటికి క్రాంక్ గీసుకుపోయి ఉంటుంది. షెడ్డుకు తెస్తే అక్కడి కుర్ర మెకానిక్కులు కూడా, ఏ బేరింగ్ ఎందుకు పోయిందో విప్పి చూడకుండా, "ఇంజన్ అసెంబ్లీ మార్చేద్దాం సార్" అంటున్నారు. విప్పిన బేరింగ్ షెల్స్ వరసగా బల్ల మీద పెట్టి, ఎక్కడ రాగి తేలిందో చూసి, నూనె దారి మూసుకుందా, మట్టి దూరిందా అని వెతికే పాఠం ఎక్కడా నేర్పడం లేదు. వాళ్లను తిట్టను, నేర్పాల్సిన మేస్త్రీలే షెడ్లు మూసుకుని వెళ్లిపోయారు.

పాతకార్లు అమ్మే సంస్థలను నేను అడిగేది పెద్దదేం కాదు. ఆ రిపోర్టులో సీటు కవర్లకు ఇచ్చినంత చోటు ఇంజన్‌కి ఇవ్వండి. రాత్రి నిలబెట్టిన బండి పొద్దున మొదటిసారి స్టార్టయినప్పుడు తీసిన వీడియో పెట్టండి, మూత విప్పి బ్యాక్ కంప్రెషన్ కూడా అందులోనే చూపించండి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు విడివిడిగా రాయండి. వాటి మధ్య తేడా పది శాతం లోపుందో లేదో కొనేవాడే చూసుకుంటాడు. వేడి మీద ఐడిల్‌లో ఒకసారి, రెండువేల ఆర్‌పీఎం దగ్గర ఒకసారి గేజీ పెట్టి ఆయిల్ ప్రెషర్ రాయండి. ఇంజెక్టర్ల సర్దుబాటు అంకెలు, కోడ్లు చెరిపేశాక తిరిగిన దూరం కూడా వెయ్యండి. మీ మనుషులకు ఇదంతా ఒక పూట పని. అంత తీరిక లేదంటారా, ఇంజన్ గడిలో టిక్కు పెట్టకుండా ఖాళీగా వదిలెయ్యండి. కొనేవాళ్లు మేస్త్రిని వెంటబెట్టుకుని పొద్దున్నే వస్తారు, మీరు మాత్రం వాళ్లొచ్చేదాకా సెల్ఫ్ కొట్టకండి.